అర తులం లెక్క

తుపాకీ కొనడానికి నన్ను తోడు రమ్మంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

చీరలు కొనాలంటే పిలుస్తారు, వెళతాను. పెళ్ళికి నగలు చేయించాలంటే పిలుస్తారు, వెళతాను. వంకాయల దగ్గర్నుంచి వడ్డాణం దాకా నేను పక్కనుంటే నాలుగు డబ్బులు మిగుల్తాయని మా వాళ్ళలో నాకో పేరుంది. ఆ పేరు సముద్రాలు దాటి అమెరికా దాకా వెళ్ళిందన్న సంగతి మాత్రం నాకు తెలీదు.

2023 అక్టోబరులో మా చెల్లెలికి ఆపరేషన్ అయితే సాయంగా వుండడానికి పెన్సిల్వేనియా వెళ్ళాను. వాళ్ళది చిన్న వూరు. ఇంటి వెనక నాలుగడుగులు వేస్తే అడవి. పొద్దున్నే కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నుంచుంటే తెల్లతోక జింకలు గుంపుగా వచ్చి, మన వీధి మేకల్లా దొడ్లో మొక్కలన్నీ మేసి పోతుండేవి. మొదటి రోజు నేను "ఎంత బావున్నాయే!" అన్నాను. "నీకేం, బావుంటాయి. నా గులాబీల సంగతి నాకు తెలుసు" అంది చెల్లెలు.

ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడొచ్చి పక్కన కూచున్నాడు. వాడంటే మా చెల్లెలి కొడుకు. ఇరవై ఏళ్ళవాడు. కాలేజీలో చదువుకుంటూ, సాయంత్రాలు ఓ హోటల్లో గిన్నెలు కడిగి తన ఖర్చులు తనే సంపాదించుకుంటాడు. నెమ్మదిగా అన్నాడు కదా, "పెద్దమ్మా, నాతో షాపుకి వస్తావా? ఓ రైఫిల్ కొనుక్కోవాలి. జింకల వేటకి. నా దగ్గర ఎక్కువ డబ్బు లేదు. నువ్వు బేరం బాగా చేస్తావని అమ్మ అంటుంది."

నేను చేతిలో కప్పు కింద పెట్టేశాను.

ఈ మాట చెల్లెలి చెవిన పడనే పడింది. "నువ్వయినా చెప్పు అక్కా వాడికి! ఇంటా వంటా వుందా మనకీ వేట? నోరులేని జీవాన్ని చంపడానికి వీడికి చేతులెలా వస్తాయి?" అని మొదలెట్టింది. పెద్దమ్మ హోదాలో నేనూ ఓ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. పాపమూ, పుణ్యమూ, బుద్ధుడూ, గాంధీగారూ, ఎవర్నీ వదల్లేదు. వాడు తలవంచుకుని అంతా విన్నాడు. చివరికి ఒక్క మాట అడిగాడు.

"ఇవాళ మనం తిన్న కోడికూర ఎలా వచ్చింది పెద్దమ్మా?"

ఇంట్లో మసాలా వాసన ఇంకా పోలేదు.

అదేం కొత్త వాదన కాదు. అందరూ అనేదే. "కొట్లో కొన్నాం" అనేసి లేచిపోయాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా తాతగారింటి చావడి గోడకి ఓ జత జింక కొమ్ములుండేవి. ఎవరి కాలంలో ఎవరు కొట్టారో ఎవరికీ తెలీదు. చిన్నప్పుడు సెలవులకి వెళితే స్నానం చేసి వచ్చి తడి తువ్వాలు వాటికే తగిలించేదాన్ని. ఆ కొమ్ముల కింద ఒకప్పుడు ఓ తల వుండేదనీ, ఆ తలకి రెండు కళ్ళుండేవనీ ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వుంది. జింకని కొడితే జైలు. కనక మనకీ ప్రశ్నే రాదు. ప్రశ్న రానిచోట మనం చాలా సులువుగా పుణ్యాత్ములమైపోతాం.

అక్కడి సంగతి వేరు. పెన్సిల్వేనియాలో జింకల్ని తినే తోడేళ్ళు నూరేళ్ళ పైచిలుకు కిందటే మాయమయ్యాయి. విచ్చలవిడి వేటతో జింకలు కూడా కరువైపోతే, 1895లో వన్యమృగాల కోసం ప్రభుత్వం ఓ సంఘాన్ని పెట్టింది. వాటిని కాపాడి కాపాడి పెంచారు. పెరిగి పెరిగి ఇప్పుడవి అడవిలో కొత్త మొక్కని తలెత్తనివ్వవు, రాత్రిపూట కార్లకి అడ్డం పడతాయి. అందుకని థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన శనివారం నుంచి రెండు వారాలపాటు రైఫిల్ వేటకి అనుమతిస్తారు. ముందు శిక్షణ తీసుకోవాలి, లైసెన్సు కొనాలి, ఇతర వేటగాళ్ళకి కనిపించేలా మెరిసే నారింజ రంగు బట్టలు వేసుకోవాలి. మా వాడు ఇవన్నీ ఎప్పుడో పూర్తి చేశాడు. మిగిలింది తుపాకీ ఒక్కటే.

మర్నాడు వాడి వెంట వెళ్ళాను. చివరి నిమిషంలోనైనా వద్దని చెప్పి వెనక్కి తీసుకు రావచ్చని నా ఆశ.

కొట్టు చూస్తే గుండె గుభేలుమంది. మన పాత్రల కొట్లో బిందెలు వరసగా పేర్చినట్టు గోడ నిండా తుపాకులు. తెల్లగెడ్డం పెద్దాయన ఒకాయన వచ్చి, నా చీర కేసి ఓసారి చూసి, మర్యాదగా నమస్కారంలాంటిదేదో పెట్టాడు. మా వాడు తన దగ్గరున్న డబ్బెంతో చెప్పాడు.

ఆయన మొదట చూపించింది బోల్ట్ రైఫిలు. దాని కడుపులో మూడో నాలుగో తూటాలు పడతాయి. ఒకటి పేలాక పక్కనున్న పిడి ఎత్తి లాగి తోస్తే రెండోది సిద్ధం. తర్వాత ఇంకోటి చూపించాడు. దానికి ఒక్కటే తూటా. మీట నొక్కగానే అడకత్తెర తెరుచుకున్నట్టు గొట్టం కిందికి వంగుతుంది. చేత్తో ఒక తూటా పెట్టి, మూసి, బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగితేనే పేలుతుంది. ఇంకోసారి పేల్చాలంటే మళ్ళీ తెరవాలి, ఖాళీ ఇత్తడి గొట్టం తియ్యాలి, జేబులో ఇంకో తూటా వెతుక్కోవాలి, పెట్టాలి, మూయాలి, లాగాలి. అప్పటికి జింక ఏ కొండ దాటి వుంటుందో!

నేను ధరలు అడిగాను. చిత్రమేమిటంటే, కొత్తవి కొంటే మామూలు రకం బోల్ట్ రైఫిలుకీ, ఈ ఒంటి తూటా రైఫిలుకీ ఇంచుమించు ఒకటే ధర. నా బేరం బుర్ర వెంటనే పనిచేసింది. అదే డబ్బుకి నాలుగు పేలేది వస్తుంటే ఒకటి పేలేది ఎవరు కొంటారు? అయితే ఒంటి తూటా రకంలోనే వాడినది ఒకటి మూలన వుంది. హెచ్ అండ్ ఆర్ అనే పాత కంపెనీ వాళ్ళ హ్యాండీ రైఫిల్. వాటి తయారీ 2015లోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ ఒకరి చేతులు మారినవే. చెక్క మీద రెండు గీతలున్నాయి. ఆ గీతలు చూపించి నేను ధర కాస్త తగ్గించాను కూడా. వద్దని చెప్పడానికి వెళ్ళినదాన్ని! అలవాటు అంతటిది.

"చవకే గానీ, రెండోది లేకపోతే ఎలారా?" అన్నాను.

"అందుకే పెద్దమ్మా. మా ఫ్రెండ్స్ మొదటిది తగలకపోతే రెండోదీ మూడోదీ కాలుస్తారు. పరిగెత్తేదాన్ని కాలిస్తే ఎక్కడ తగుల్తుందో తెలీదు. కడుపులో తగిలితే అది ఎక్కడో పొదల్లో పడి రాత్రంతా చస్తుంది. నా దగ్గర ఒక్కటే వుంటే, తప్పకుండా తగుల్తుందని అనిపించినప్పుడే కాలుస్తాను. లేకపోతే కాల్చను."

తెల్లగెడ్డం ఆయనకి మా తెలుగు అర్థం కాకపోయినా, వాడు రైఫిలుని తెరిచి వంచి చేతి మీద పెట్టుకున్న తీరు చూసి తల వూపాడు. అలా తెరిచి పట్టుకుంటే లోపల ఖాళీ అని పదిమందికీ కనిపిస్తుందట. కొత్తవాళ్ళకి అంతకన్నా నిర్భయమైన పద్ధతి లేదన్నాడు.

నాకు దశరథుడు గుర్తొచ్చాడు. చీకట్లో నీటి చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేసిన మహారాజు. చప్పుడుని బట్టి కొట్టగల నేర్పు ఆయనది. బాణాలకి కొరత లేదు, నేర్పుకీ కొరత లేదు. కొరతల్లా ఒక్క క్షణం ఆగడానికే వచ్చింది. ఆ క్షణం ఖరీదు ఇద్దరు గుడ్డి తల్లిదండ్రులు కట్టారు, తర్వాత అయోధ్య అంతా కట్టింది. ఆయన కొడుకుని మనం ఒకే బాణం వాడంటాం. ఇన్నాళ్ళూ అది బలానికి సంబంధించిన మాటనుకున్నాను. ఓపికకి సంబంధించిన మాటేమోనని ఆ కొట్లో నుంచుని అనిపించింది. మరి ఆ ఒక్క బాణమూ చెట్టు చాటు నుంచి వాలికి తగిలింది కదా అంటారా? నిజమే. ఒక్కటే వేసినంత మాత్రాన అది ధర్మమైపోదు. ఆ సంగతీ వాల్మీకి దాచలేదు.

రైఫిలు కుదిరింది. ఇక తూటాల బల్ల దగ్గరికి వెళ్ళాం. అసలు కథ అక్కడ వుంది.

మా వాడి రైఫిలు కొలత .243. అంటే గుండు అడ్డం కొలత అంగుళంలో పావుకి రవ్వంత తక్కువ. 1955లో వచ్చిన రకం. ఇంకా పెద్దవి వున్నాయి గానీ, తేలిక రైఫిల్లో పెద్ద తూటా పేలిస్తే అది భుజాన్ని గుర్రంలా తన్నుతుంది. కొత్తవాడు ఆ తన్నుకి జడిసి, కళ్ళు మూసుకుని మీట నొక్కుతాడు. గురి తప్పుతుంది. .243 అంతగా తన్నదు, నూరు గజాల్లో జింకకి చాలు.

పెట్టెకి ఇరవై తూటాలు. పెట్టె మీద '100 గ్రెయిన్లు' అని రాసి వుంది. గ్రెయిన్ అంటే గింజ. ధాన్యపు గింజతో తూచిన కాలపు కొలత. నాకు ఒక్కసారిగా మా అమ్మ నగల పెట్టె గుర్తొచ్చింది. మన కంసాలులు గురివింద గింజలతో తూచేవాళ్ళు. గురివింద గింజ ఇంచుమించు రెండు గ్రెయిన్లు. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. (ఇప్పుడు బంగారం కొట్లో 10 గ్రాములకే తులం అంటున్నారు. అది వేరే ఏడుపు.) ఆ బల్ల మీదే పెద్ద రైఫిళ్ళకి 180 గ్రెయిన్ల గుండ్లున్నాయి. సరిగ్గా తులం! మా వాడి చేతిలో వున్నది అర తులం దాటి కాస్త. అర తులం బంగారంతో చెవులకి దిద్దులొస్తాయి. అర తులం సీసంతో ఓ ప్రాణం పోతుంది. సెకనుకి దాదాపు 900 మీటర్లు వెళుతుందది. చప్పుడు కన్నా ముందే చేరుతుంది. గురి సరిగ్గా వుంటే జింక ఆ చప్పుడు వినకుండానే పడిపోతుంది. గురి తప్పితే మాత్రం వింటుంది.

పక్కన .308 కొలత తూటాలు చాలా చవగ్గా కనిపించాయి. "ఆ కొలత రైఫిలే కొంటే ఏడాది పొడుగునా మిగులు కదా" అన్నాను. పెద్దాయన నవ్వి తల అడ్డంగా వూపాడు. అవి సైన్యంలో వాడే తరహావి, గుండు చుట్టూ గట్టి తొడుగు వుంటుంది. కాగితం మీద గురి చూసుకోవడానికి పనికొస్తాయి గానీ జింక మీద వాడకూడదు, చట్టం ఒప్పుకోదు అన్నాడు. ఆ గుండు సూదిలా ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. జింక వెంటనే చావదు, పరిగెత్తి పరిగెత్తి ఎక్కడో కూలుతుంది. వేటకి వాడే గుండు మొన మెత్తగా వుండి, తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది. లోపల ఎక్కువ దెబ్బ, త్వరగా చావు.

ఈ విచ్చుకునే గుండుకి మన దేశంతో ఓ సంబంధం వుంది. కలకత్తా పక్కన దమ్‌దమ్‌లో ఇంగ్లీషువాళ్ళ మందుగుండు కర్మాగారంలో 1890లలో ఇలాంటివి తయారు చేశారు. అందుకే వాటికి దమ్‌దమ్ గుండ్లని పేరు. అవి మరీ క్రూరమైనవని 1899లో హేగ్‌లో చాలా దేశాలు కూచుని, యుద్ధంలో మనుషుల మీద వాడకూడదని ఒప్పందం చేసుకున్నాయి. అంటే, మనిషి మీద జాలితో ఏ గుండు వద్దన్నారో, జింక మీద జాలితో అదే గుండు వాడి తీరాలన్నారు! మొదట ఇదేం న్యాయమనిపించింది. ఆలోచిస్తే అర్థమైంది. గాయపడ్డ సైనికుణ్ణి మోసుకెళ్ళడానికి డోలీ వుంటుంది, కుట్లు వెయ్యడానికి డాక్టరుంటాడు. వాడు బతకాలి. గాయపడ్డ జింకకి ఎవరున్నారు? దాన్ని బతికించే ఉద్దేశం ఎవరికీ లేనప్పుడు, మిగిలిన దయల్లా త్వరగా ముగించడమే. దయ కూడా ఎదురుగా వున్నదెవరో చూసి రూపం మార్చుకుంటుందన్నమాట.

సరే, మెత్తమొన గుండ్లు తీసుకుందామనుకుంటూంటే పెద్దాయన ఇంకో పెట్టె ముందుకి తోశాడు. ఇందులో సీసమే లేదు, అంతా రాగి. బరువు 85 గ్రెయిన్లు, అర తులానికి రవ్వ తక్కువ. ధర మాత్రం సీసం వాటికన్నా బాగా ఎక్కువ. ఎందుకట? సీసపు గుండు జింక ఒంట్లో విచ్చుకున్నప్పుడు ఆవగింజ కన్నా చిన్న చిన్న తునకలు విరిగి మాంసంలోనూ పేగుల్లోనూ చెదురుతాయి. వేటగాడు పేగులు అక్కడే అడవిలో వదిలేసి వస్తాడు. తెల్లతల గద్దలు వచ్చి వాటిని తింటాయి. సీసం వాటి ఒంటికెక్కి, ఎగరలేక, తిండి తినలేక నేలకూలతాయి. ఇంటికి తెచ్చిన మాంసంతో ఆ తునకలు పిల్లల కంచాల్లోకీ రావచ్చు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటలో సీసం పూర్తిగా నిషేధించారు. పెన్సిల్వేనియాలో ఆ నిషేధం లేదు. ఎవరిష్టం వాళ్ళది.

మా వాడు పర్సు తీసి నోట్లు లెక్కపెట్టుకున్నాడు. ఒక్క పెట్టె చాలదు. ఏ రకంతో వేటకి వెళతారో ఆ రకంతోనే ముందు గురి సరిచూసుకోవాలి, ఎందుకంటే ఒక్కో రకం ఒక్కో చోట తగుల్తుంది. కనీసం రెండు పెట్టెలు కావాలి.

నేను నా ధోరణిలో అనేశాను: "సీసానివే తీసుకోరా. చట్టం అడ్డు చెప్పనప్పుడు నీకెందుకు? అడవిలో ఎవరు చూడొచ్చారు?"

వాడు నావైపు చూశాడు. కోపమేం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు.

"రైఫిల్ దగ్గర మనం మిగిల్చామే, దానికి నేను ఓపిక పట్టి కట్టేస్తాను పెద్దమ్మా. ఇక్కడ మిగిలిస్తే ఎవరు కడతారు?"

చలికాలానికి కొనుక్కుందామనుకున్న బూట్లు మానేసి, రెండు పెట్టెలు రాగివే తీసుకున్నాడు.

కారులో వస్తున్నంతసేపూ నేను మాట్లాడలేదు. పొదుపు పొదుపని జన్మంతా పాటుపడ్డదాన్ని. పొదుపులో రెండు రకాలున్నాయని నాకెవరూ చెప్పలేదు. మా అమ్మ చిరిగిన చీరలు బొంతగా కుట్టేది. ఆ మిగులుకి ఖరీదు ఆవిడే తన కళ్ళతో, వేళ్ళతో కట్టింది. అది వ్రతం లాంటిది. మరి నేను? పనిమనిషి జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే ఆ నెల జీతంలో కోత పెట్టిన రోజున మిగిలిన డబ్బుకి ఖరీదు ఎవరు కట్టారు? పండక్కి జాకెట్లు కుట్టిన అమ్మాయి దగ్గర కుట్టుకూలి తగ్గించి, ఇంటికొచ్చి ఆయనతో గొప్పగా చెప్పుకున్నానే, ఆ తగ్గింపు ఆ అమ్మాయి ఏ రాత్రి నిద్రలోంచి తీసిచ్చిందో! చట్టం అడ్డు చెప్పలేదు నిజమే. ఎవరూ చూడనూ లేదు. చూడకపోవడం కాదు, చూసినవాళ్ళు మెచ్చుకున్నారు.

గురివింద గింజ తన కింద నలుపు తనెరగదంటారు. వాడికి అహింస మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చిన గురివిందని నేను.

అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ మీకు తెలిసే వుంటుంది. మాంసం కొట్టు పెట్టుకున్న ఆయన దగ్గరికి, తపస్సు చేసిన కౌశికుడు ధర్మం నేర్చుకోవడానికి మిథిలకి వెళతాడు. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడు, పాపం ఆ పెద్దమనిషికి వేరే పని దొరకలేదు కాబోలనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, ధర్మం నేర్పడానికి ఆ కొట్టుకన్నా మంచి చోటు లేదని. ఆయన ముందు తక్కెడ వుంది, తక్కెడలో వున్నదేమిటో ఆయనకి తెలుసు. మనం కొనేది శుభ్రంగా కడిగి, సంచిలో చుట్టి ఇస్తారు. తూకం మాత్రమే మనకి కనిపిస్తుంది.

నవంబరంతా మా వాడు సెలవు దొరికినప్పుడల్లా మైదానానికి వెళ్ళి కాగితపు ప్లేట్లు పెట్టి గురి నేర్చుకున్నాడు. జింక ముందుకాలి వెనక గుండే, వూపిరితిత్తులూ వుండే చోటు ఇంచుమించు ఆ ప్లేటంత వుంటుందట. "పది కాలిస్తే పదీ ప్లేటులో పడే దూరమే నా దూరం" అని తనకి తనే ఓ హద్దు గీసుకున్నాడు. ఆ హద్దు నూరు గజాల దగ్గర తేలింది.

నవంబరు 25, శనివారం. తెల్లవారకముందే వెళ్ళాడు, చీకటి పడ్డాక వచ్చాడు. పాత బూట్లలో కాళ్ళు కొయ్యబారిపోయాయి. చెల్లెలు వేణ్ణీళ్ళు పెట్టింది. "ఒకటి కనిపించింది పెద్దమ్మా, సాయంత్రం. ఆకుల అవతల సగమే కనిపిస్తోంది. గురిపెట్టాను. చాలాసేపు చూశాను. వెళ్ళిపోయింది." కాసేపాగి అన్నాడు. "నాలుగు వుంటే ఒకటి వేసి చూసేవాణ్ణేమో."

ఆ మాట నేను మర్చిపోలేను. మంచితనం మనలో ఎక్కడో గట్టిగా పాతుకుని వుంటుందనుకుంటాం. ఒక్కోసారి అది మన చేతిలో తూటాలు ఎన్నున్నాయన్న దాని మీద ఆధారపడి వుంటుంది. వాడికా సంగతి ముందే తెలుసు. తన మీద తనకి ఎంతవరకు నమ్మకముందో అంతవరకే తుపాకీ కొనుక్కున్నాడు.

తర్వాతి శనివారం తెచ్చాడు. ఒక్క తూటా. అరవై గజాల దూరం. పడిన చోటే పడింది. ఇంటికొచ్చి చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. గొప్పలు చెప్పలేదు. రాత్రి అన్నం తినలేదు. "పడిపోయాక దగ్గరికి వెళ్ళాలంటే భయమేసింది. కళ్ళు తెరిచే వున్నాయి" అన్నాడు వాళ్ళమ్మతో. వేటకి వెళితే ఇంట్లో అడుగు పెట్టనివ్వనన్న మనిషి, వాడి తల మీద చెయ్యి వేసి అలా కూచుండిపోయింది. సగం మాంసం మా వాడు పేదలకిచ్చేశాడు. వేటగాళ్ళిచ్చే మాంసాన్ని ఆకలిగా వున్నవాళ్ళకి చేర్చే ఏర్పాటు ఆ రాష్ట్రంలో 1991 నుంచీ వుంది.

మిగతా సగం వండాం. మీరు తిన్నారా అని అడుగుతారు. తిన్నాను. రెండు ముక్కలు. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. ఇన్నేళ్ళూ కోడికూర ఎంత సులువుగా దిగిందో అప్పుడు తెలిసింది.

నేను వేటని మెచ్చుకుంటున్నాననుకోకండి. జింకని చంపకుండా బతకగలిగినవాడు చంపడం ఎందుకన్న ప్రశ్న నాకు అలాగే వుంది. మా వాడికీ వుంది. "నాకూ తెలీదు పెద్దమ్మా. వచ్చే ఏడు వెళతానో లేదో" అన్నాడు నేను బయలుదేరే రోజున. శుభ్రం చేసి, నూనె రాసి రైఫిలుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి వాళ్ళమ్మకిచ్చాడు.

ఇంటికొచ్చిన వారానికి, పొద్దున్నే గోంగూర గంప దింపింది మా వీధిలో ఆకుకూరలమ్మే ఆవిడ. కట్ట పదిహేనంది. నా నోరు దానంతటదే "పదికి రెండిస్తావా" అనబోయింది. బేరాలు మానేశానని చెప్పను, నలభై ఏళ్ళ అలవాటు ఒక్క ప్రయాణంతో పోదు. కానీ అనబోయే ముందు ఆవిడ చేతులు చూశాను. తెల్లవారుజామున తడి మళ్ళో కోసిన చేతులు, వేళ్ళ చివర్లు పాలిపోయి ముడతలు పడివున్నాయి.

రెండు కట్టలు తీసుకుని ముప్ఫై ఇచ్చాను. ఆవిడ నోట్లు మడిచి కొంగున కట్టుకుంటూ, "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని అడిగింది.